ఆదివారం మిక్సీ వేశా.. తలుపుకి చీటీ అంటించారు!

స్టుట్‌గార్ట్ వచ్చాక అది నాకు మూడో ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి పల్లీ చట్నీ కోసం మిక్సీ వేశాను. 23 కేజీల బ్యాగేజీలో నాలుగు కేజీలు దానికే కేటాయించి మరీ అమ్మ పంపిన 750 వాట్ల మిక్సీ అది. హైదరాబాద్‌లో దాని గోల నేనెప్పుడూ పట్టించుకోలేదు, మా వీధిలో దాన్ని మించిన గోలలు చాలా ఉండేవి. ఇక్కడ స్విచ్ తిప్పగానే బిల్డింగ్ మొత్తం ఉలిక్కిపడినట్టు అనిపించింది. రెండు రౌండ్లు తిప్పి ఆపేశాను.

పదకొండింటికి తలుపు తీస్తే బయట టేపుతో అంటించిన చిన్న కాగితం. ముత్యాల్లాంటి అక్షరాలు, మొత్తం జర్మన్. ఫోన్ కెమెరా పెట్టి ట్రాన్స్‌లేట్ చేశా. 'గౌరవనీయులైన పొరుగువారికి, ఈరోజు ఆదివారం. స్నేహపూర్వక నమస్కారాలతో..' అని రాసి, కింద సంతకం. నా కింది ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడది.

అంతే. తిట్టు లేదు, వార్నింగ్ లేదు. అసలు మిక్సీ అన్న మాటే లేదు. 'ఈరోజు ఆదివారం' అంట! ఆ మాత్రం నాకు తెలీదా?

నిజం చెప్పాలంటే తెలీదు. మనకి ఆదివారం అంటే సెలవు. వాళ్లకి అది రాజ్యాంగం. 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో ఆదివారాన్ని విశ్రాంతి కోసం, మనసుకి ఎదుగుదల కోసం కాపాడాల్సిన రోజుగా రాసుకున్నారు. యుద్ధం అయ్యాక 1949లో కొత్త రాజ్యాంగం వచ్చినా, 140వ అధికరణం ద్వారా ఆ మాటని అలాగే తెచ్చిపెట్టుకున్నారు. క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ షాపులు తెరుచుకోవచ్చని బెర్లిన్ చట్టం చేస్తే, 2009లో రాజ్యాంగ న్యాయస్థానం కుదరదు పొమ్మంది. కాబట్టి సూపర్ మార్కెట్లు బంద్, బట్టల షాపులు బంద్, మాల్స్ బంద్. డ్రిల్లింగ్ చేయకూడదు, గడ్డి కోసే మెషీన్ తిప్పకూడదు. ఖాళీ గాజు సీసాలు వీధి చివర డబ్బాలో పడేయడానికి కూడా వీల్లేదు, గలగలమని చప్పుడవుతుందట. (ఆ డబ్బాలు కూడా మూడు. తెల్ల గాజుకి ఒకటి, ఆకుపచ్చకి ఒకటి, గోధుమ రంగుకి ఒకటి.)

ఇది తెలీక నా మొదటి ఆదివారమే పస్తు పడుకోవాల్సి వచ్చేది. శనివారం రాత్రి దిగాను. రేపు కొనుక్కుందాంలే అనుకున్నా. మర్నాడు సున్నుండలతో మధ్యాహ్నం దాకా లాగించి, సాయంత్రం రైల్వే స్టేషన్‌లో దొరికిన డోనర్ కెబాబ్‌తో బతికిపోయాను.

చీటీ ఫొటో తీసి మన తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టా. 'రేసిజం బ్రో' అని ఒకడు. 'నాకు రెండొచ్చాయ్, ఒకటి రాత్రి షవర్‌కి' అని ఇంకొకడు. 'ఫ్రేమ్ కట్టించుకో' అని మూడోవాడు. నేను మాత్రం మొదటివాడి మాటే పట్టుకున్నాను. ఆ రోజు నుంచి మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆవిడ లోపలికెళ్లేదాకా తలుపు తీసేవాణ్ని కాదు.

ఇంకో విచిత్రం. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్లుండవు. గేటు దగ్గర కాలింగ్ బెల్ పక్కనా, పోస్ట్ డబ్బా మీదా రాసిన ఇంటిపేరే అడ్రస్. అక్కడ పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి తీసుకెళ్లిపోతాడు. ఉత్తరాలా, ఈ రోజుల్లోనా అని నవ్వకండి. బ్యాంక్ పిన్ ఉత్తరంలోనే వచ్చింది, ఇన్సూరెన్స్ ఉత్తరంలోనే, ట్యాక్స్ నంబర్ కూడా ఉత్తరంలోనే. ఇంట్లో దిగిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసుకెళ్లి 'నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాను' అని నమోదు చేసుకోవాలి. అది లేకుండా ఏ పనీ కదలదు. నా ఇంటిపేరు ఆ చిన్న బెల్ పట్టీలో పట్టక సగానికి విరిగి రెండు లైన్లలో పడింది.

నెల తిరక్కుండానే నా తలుపు హ్యాండిల్‌కి ఒక చెక్క బోర్డు వేలాడుతూ కనిపించింది. దాని మీద 'కేర్‌వోఖ' అని ఉంది. ఇంకో చీటీ అనుకుని గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే అది 'ఊడ్చే వారం'. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల వందల ఏళ్లుగా ఉన్న అలవాటు. ఆ వారం మెట్లు ఊడ్చి తుడవాల్సింది నేనే. అయ్యాక బోర్డు పక్కింటి తలుపుకి తగిలించాలి. నాకు ఎదురుగా ఉండేది ఒక డాక్టర్ గారు. ఆయన వంతు వచ్చినప్పుడు ఆయనే బకెట్ పట్టుకుని దిగుతాడు. ఇంజినీరింగ్ నాలుగేళ్లు హాస్టల్లో నా రూమ్ నేను ఊడ్చుకున్న పాపాన పోలేదు. ఇక్కడ మూడు అంతస్తుల మెట్లు తుడిచి ఫొటో పంపితే అమ్మ నమ్మలేదు.

ఆఫీసులో తప్పులు వేరే రకం. ఒక కొలీగ్‌కి ముందురోజే 'అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే' చెప్పా. మన దగ్గర అదొక ప్రేమ కదా. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెబితే అపశకునమట! రాకెట్లు, కార్లు తయారుచేసే దేశంలో ఇదేంట్రా అనుకున్నా. మర్నాడు ఆ అమ్మాయే కేక్ చేసి తెచ్చి అందరికీ పెట్టింది. ఎవరి పుట్టినరోజైతే వాళ్లే కేక్ తేవాలి.

కానీ నన్ను నిజంగా కుదిపేసింది జ్వరం. అక్టోబర్‌లో ఒళ్లు కాలిపోతున్నా పొద్దున్నే ఇంటి నుంచి లాగిన్ అయ్యాను. మీటింగ్‌లో రెండుసార్లు దగ్గానో లేదో, మేనేజర్ ఆపేశాడు. "నీకు బాగుందా, బాగోలేదా? బాగోలేకపోతే ల్యాప్‌టాప్ మూసెయ్" అన్నాడు. గొంతులో కోపం వినిపించింది. రిలీజ్ ఈ వారమే ఉంది, నేను చేసేస్తాను అన్నా. "అది నా సమస్య, నీది కాదు" అని కాల్ కట్ చేశాడు. ఉద్యోగం పోయిందనుకున్నా.

పోలేదు. ఇక్కడ జబ్బు చేస్తే ఒకే జబ్బుకి ఆరు వారాల దాకా కంపెనీయే పూర్తి జీతం ఇవ్వాలి. ఇది చట్టం. మూడు రోజులు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ చాలు. ఇంకో మాట చెబితే మీరు నమ్మరు. వెకేషన్‌లో ఉండగా జబ్బు చేస్తే, డాక్టర్ రాసిచ్చిన రోజులు సెలవు కింద లెక్కకు రావు. ఆ సెలవులు మళ్లీ మీ ఖాతాలోకి వచ్చేస్తాయి! రోజుకి పది గంటలు మించి పని చేయించకూడదు. ఇవాళ పని ముగించాక రేపు మొదలుపెట్టేలోపు పదకొండు గంటల విరామం ఉండాలి.

నేను ఇంతకుముందు చేసిన ఉద్యోగంలో, మా అక్క పెళ్లిలో మండపం వెనక కూర్చుని ప్రొడక్షన్ బగ్ ఫిక్స్ చేశాను. తలంబ్రాలు చూడలేదు. ఆ నెల మీటింగ్‌లో 'డెడికేషన్' అని చప్పట్లు కొట్టించారు. నేనూ గర్వపడ్డాను. ఆ జ్వరం రోజు మంచం మీద పడుకుని తలంబ్రాల వీడియో పెట్టుకు చూశాను. అప్పుడు మాత్రం గర్వంగా అనిపించలేదు.

అలాగని ఇదంతా స్వర్గం అనుకోవద్దు. నాలుగున్నరకి 'షోనెన్ ఫైరాబెండ్' అంటే 'పని అయిపోయిన సాయంత్రం హాయిగా గడవాలి' అని చెప్పుకుని అందరూ మాయమైపోతారు. టీకి వెళ్దామా అనేవాడు ఉండడు. ఒక కొలీగ్ ఇంటికి భోజనానికి పిలిచాడని సంబరపడితే, తేదీ మూడు వారాల తర్వాత, సాయంత్రం ఆరున్నరకి. జర్మన్ రైళ్లు టైముకి వస్తాయన్నదీ పాత మాటే. 2024లో దూరప్రాంత రైళ్లలో మూడింట ఒక వంతుకి పైగా ఆలస్యం. అదీ ఆరు నిమిషాల లోపైతే ఆలస్యం కిందే లెక్కేయరు.

ప్లాస్టిక్ నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ కట్టాలి. ఖాళీ సీసా సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. 2003 నుంచీ ఇదే పద్ధతి. చూడముచ్చటగా ఉంటుంది. కానీ రాత్రిపూట స్టేషన్‌లో టార్చ్ వేసుకుని చెత్తబుట్టల్లో ఆ సీసాలు వెతికేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో రిటైరైన పెద్దవాళ్లూ ఉంటారు. అందుకే చాలామంది సీసాని బుట్టలో వేయకుండా పక్కన నిలబెట్టి వెళ్తారు, వాళ్లు చెయ్యి లోపల పెట్టాల్సిన పని లేకుండా. ఎవరూ ఎవరితో ఏమీ మాట్లాడరు. సీసా అక్కడ పెడతారు, ఇంకొకరు తీసుకెళ్తారు. ఈ దేశంలో మర్యాద కూడా చీటీ లాంటిదే అని నాకు మొదటిసారి అక్కడే అనిపించింది.

నవంబర్ 9. ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడింది. మా గేటు ముందు ఫుట్‌పాత్ మీద కింది ఫ్లోర్ పెద్దావిడ మోకాళ్ల మీద ఉంది. పడిపోయిందేమో అని పరిగెత్తా. పడలేదు. చేతిలో స్పాంజ్, పక్కన చిన్న కొవ్వొత్తి. నేలలో పొదిగిన రెండు ఇత్తడి పలకల్ని తోముతోంది. నాలుగు నెలలుగా రోజూ వాటి మీద నుంచే నడుస్తున్నా, ఏదో పైప్‌లైన్ మూత అనుకున్నా.

వాటిని ష్టోల్పర్‌ష్టైన్ అంటారు. కాలికి తగిలే రాయి అని అర్థం. పది సెంటీమీటర్ల చదరం. నాజీలు చంపినవాళ్లు, తరిమేసినవాళ్లు తమ ఇష్టంతో చివరిగా ఉన్న ఇంటి ముందు ఒక్కొక్కరికీ ఒక్కో రాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్‌లో మొదలుపెట్టాడు. 2023 మే నెలలో నూరెంబర్గ్‌లో లక్షో రాయి వేశారు. కాళ్లతో తొక్కే చోట పేర్లేంటని అభ్యంతరం చెప్పేవాళ్లూ ఉన్నారు. మ్యూనిక్ నగరం తన ఫుట్‌పాత్‌ల మీద వీటిని ఒప్పుకోదు. నవంబర్ 9 ఎందుకంటే, 1938లో ఆ రాత్రే దేశమంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు. ఆ రోజున చాలా ఊళ్లలో జనం ఈ రాళ్లని తోమి, దీపం పెడతారు.

నేను ఫోన్ టార్చ్ పట్టుకున్నా. 'ఇక్కడ నివసించారు' అని మొదలవుతుంది. తర్వాత ఒకావిడ పేరు, పుట్టిన సంవత్సరం. '1941లో తరలింపు, రీగా'. చివర 'హత్య'. రెండో రాయి మీద అదే ఇంటిపేరు, ఇంకా తర్వాత పుట్టిన మనిషి. ఆ సంవత్సరం డిసెంబర్ 1న స్టుట్‌గార్ట్ నార్డ్‌బాన్‌హోఫ్ నుంచి సుమారు వెయ్యిమంది యూదుల్ని రైలెక్కించి రీగాకి పంపారు. అంతకుముందు వాళ్లని పోగేసింది కిల్లెస్‌బెర్గ్‌లో. ఆ పార్కులో నేను రెండుసార్లు పిక్నిక్‌కి వెళ్లి సెల్ఫీలు దిగాను. ఆ రైలుకీ లిస్టులున్నాయి. నాలుగు నెలలుగా అబ్బా ఎంత పద్ధతో అని నేను మెచ్చుకుంటున్న పద్ధతే ఆ రైలునీ నడిపింది.

వాళ్లు మీకు తెలుసా అని నా వచ్చీరాని జర్మన్‌లో అడిగా. తెలీదంది. తను పుట్టకముందే వాళ్లు పోయారంది. మరి ఎందుకు అనబోయి ఆగిపోయా. ఆవిడే బెల్ పట్టీల వైపు చూపించి, "వాళ్ల పేరు కూడా అక్కడే ఉండేది కదా" అంది.

తర్వాత నా ఇంటిపేరు మీద వేలు పెట్టి, దీన్ని ఎలా పలకాలి అని అడిగింది. సగానికి విరిగిన రెండు లైన్లు కలిపి చెప్పా. మూడుసార్లు ప్రయత్నించి, దగ్గరదగ్గరగా వచ్చింది. ధైర్యం చేసి ఆ ఆదివారం చీటీ గురించి సారీ చెప్పా. ఆవిడకి నిజంగానే గుర్తురావడానికి టైం పట్టింది. కొత్తవాళ్లు కదా, తెలీదేమోనని రాశానంది. శనివారం ఎంతసేపైనా తిప్పుకోమంది.

ఇక్కడ రేసిజం లేదని నేను చెప్పను. ట్రామ్‌లో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే 'ఇక్కడ జర్మన్ మాట్లాడాలి' అని ఒకాయన నా మొహం మీదే అరిచాడు. ఆయనకీ, చీటీ రాసినావిడకీ మధ్య తేడా తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అన్ని రోజులూ తలుపు వెనక నిలబడింది నేనే.

ఇప్పుడు చట్నీకి, దోసెల పిండికి శనివారం సాయంత్రమే మిక్సీ తిరుగుతుంది. మెట్ల మీద ఎదురైతే ఆవిడ నన్ను ఇంటిపేరుతోనే పలకరిస్తుంది, ఒక అక్షరం ఇంకా తప్పే. మన మీరు, నువ్వు లాగానే వాళ్లకీ 'జీ', 'డూ' ఉన్నాయి. నువ్వు అనుకుందామని పెద్దవాళ్లే ముందు అడగాలట. ఆవిడ ఇంకా అడగలేదు.