నీటిలో కరెంటు, కరెంటులో నీరు

ఋగ్వేదములో 'అపాంనపాత్' అను దేవత స్తుతింపబడినాడు. నీటికి సంతానమైనవాడు, కట్టె లేకయే నీటి నడుమ వెలుగువాడు అని ఋషులు ఆయనను కొనియాడినారు. అగ్ని స్వరూపమేనని పెద్దల వ్యాఖ్యానము. దీనిని పట్టుకొని మన పూర్వులకు జలవిద్యుత్తు ముందే తెలుసునని చెప్పువారు కలరు. నాకది సమ్మతము కాదు. కాని నీటికిని అగ్నికిని గల చుట్టరికము మాత్రము మన ఇండ్లలో ప్రతిదినము కనబడుచున్నది.

లింగాల ఘనపూర్ మండలమున జీవనది లేదు. జీడికల్ వీరాచల రామచంద్రస్వామి దర్శనమునకు వచ్చు భక్తునకైనను, నెల్లుట్లలోని గృహస్థునకైనను, చెరువు నిండని యేడు బోరే దిక్కు. బోరు నీరు తనంతట పైకి రాదు. కరెంటు దానిని మోయవలెను. మూడు వందల అడుగుల లోతు నుండి వేయి లీటర్లు పైకి తెచ్చుటకు, ఏ నష్టమూ లేదనుకొన్నను, పావు యూనిట్ కావలెను. మోటారు, పంపు, పైపు కలిసి సగము మింగివేయును గనుక ఆచరణలో అర యూనిట్‌కు తక్కువ కాదు. నీటిమట్టము దిగినకొద్దీ అదే బిందె నీటికి ఖర్చు పెరుగును. గోదావరి నీరైనను ఊరక రాదు. ములుగు జిల్లా గంగారం వద్ద నది నుండి పంపులతో ఎత్తి, అంచెలంచెలుగా ఈ మెట్ట ప్రాంతమునకు ఎక్కించునదే దేవాదుల ఎత్తిపోతల పథకము.

ఆ కరెంటు ఎక్కడిది? భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రము వంటి చోట్ల బొగ్గు కాల్చి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో యంత్రము త్రిప్పుదురు. దానిని చల్లార్చుటకు మరల నీరే కావలెను. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అట్టి పాత కేంద్రములకు యూనిట్‌కు మూడున్నర లీటర్ల నీరు మించరాదని నియమము చేసినది. అనగా ఖాళీ గదిలో తిరుగు ఫ్యాను కూడ నీరు త్రాగుచున్నది. పాత రకము ఫ్యాను పదమూడు గంటలు తిరిగినచో ఒక యూనిట్ అగును. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను అదే యూనిట్‌తో ముప్పది గంటలకు పైగా తిరుగును. అరువది వాట్ల పాత బల్బు చోట తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ చాలును. ఈ సంగతి ఇప్పుడు చాలమందికి తెలిసినదే.

"కరెంటు ఉచితము కదా, ఎందుకీ లెక్కలు?" అని కొందరడుగుదురు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువది నాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. అప్పుడే రైతులు ఆటోస్టార్టర్లు తీసివేయవలెనని ప్రభుత్వము కోరినది. మనిషి లేకుండ మోటారు తనంతట నడిచినచో పొలము తడిసిన తరువాత కూడ నీరు పోవుచుండునని భయము. రైతును తప్పు పట్టుట నా ఉద్దేశ్యము కాదు. ఇంటి మీద ట్యాంకు నిండి గోడ వెంబడి కారుచున్నను మోటారు ఆపని గృహస్థుడు చేయునదియు అదియే కదా. కరెంటునకు వెల లేకపోవచ్చును గాని, బోరు అడుగున మిగిలిన నీటికి ఏ ప్రభుత్వమూ వెల కట్టి తిరిగి ఇవ్వలేదు. ట్యాంకు నిండగానే మోటారును ఆపు చిన్న పరికరము బజారులో దొరకును. అది లేనివారు ట్యాంకు నిండుటకు పట్టు కాలమును ఒకసారి గడియారము చూచి గుర్తుపెట్టుకొన్నను చాలును. కారు నల్లా క్రింద రాత్రి ఒక గిన్నె పెట్టి ఉదయము కొలిచి చూడుడు. నేను చెప్పు అంకె కంటె ఆ గిన్నె బాగుగా చెప్పును. ఆర్వో యంత్రము విడిచిపెట్టు నీటిని పారబోయక బండలు తుడుచుటకు వాడవచ్చును.

మన ఆచారములో నీటికి కొలత కలదు. ఆచమనమునకు ఒక మినుపగింజ మునుగునంత నీరు చాలునని ధర్మశాస్త్రకారులు చెప్పినారు. తీర్థమును ఉద్ధరిణితోనే ఇచ్చెదము, చెంబుతో కాదు. కాళ్ళు కడుగుకొని నల్లా కట్టకయే గుడిలోనికి పరుగెత్తుట ఏ శాస్త్రములోనిదో నాకు తెలియదు.

దాతలకు ఒక మనవి. ట్యూబులైటు ఇచ్చి, దాని నిండ పేరు వ్రాయించి, వెలుతురు రాకుండ చేయువారు ఇంకను ఉన్నారు. పేరు గోడ మీద వ్రాయించుకొనవచ్చును. కాకతీయుల కాలమున సప్తసంతానములలో తటాకమును ఒకటిగా ఎంచినారు. పుత్రునితోను దేవాలయముతోను సమానముగా చెరువును లెక్కించినారన్నమాట. రామప్ప, పాకాల చెరువులు ఆ నమ్మకము నుండి పుట్టినవే. నేడు చెరువు త్రవ్వించుట అందరికిని సాధ్యము కాదు. ఇంకుడు గుంత సాధ్యమే. వేయి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడినచో తొమ్మిది వందల లీటర్లకు పైగా నీరు దిగును. దానిని పైపు ద్వారా గుంతలోనికి మళ్ళించి, అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక నింపవలెను. మరుగుదొడ్డి గుంతకు దూరముగా ఉండవలెను. మొదటి వాన డాబా మీది దుమ్ము తెచ్చును గనుక దానిని బయటికి వదలి, రెండవ వాన నుండి గుంతకు కలుపవలెను. ఏటేటా పైనున్న ఇసుకను తీసి కడిగి మరల పోయనిచో మట్టి పేరుకొని నీరు ఇంకదు. రోహిణి కార్తెలో పని మొదలు పెట్టినచో మృగశిర నాటికి గుంత సిద్ధమగును.