గెడ్డదోమను పట్టేవాళ్లు

తెల్లవారుజాము. ఊరు ఇంకా పూర్తిగా లేవలేదు. ఒక మనిషి మీ గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, ఒక్కసారి లోపలికి రావచ్చా?" అని అడిగాడనుకోండి. అతని చేతిలో టార్చిలైటు ఉంది. నోట్లో సన్నని రబ్బరు గొట్టం ఉంది. దాని చివర గాజు గొట్టం. గోడ మీద వాలిన దోమ కనబడింది. గాజు గొట్టం దానికి దగ్గరగా పెట్టి సుయ్యిమని పీల్చాడు. దోమ గొట్టంలోకి వచ్చేసింది. నోట్లోకి మాత్రం పోదు. మధ్యలో పల్చని గుడ్డ అడ్డం ఉంటుంది.

"ఈడికేటి పనీపాటా నేదా? దోమలేరుకుంటన్నాడు!" అని మన ముసలమ్మలు నవ్వుతారు. నవ్వొచ్చే పనే. కాని ఆ దోమ చాలా సంగతులు చెబుతుంది.

అరకులో కిరండూలు వెళ్లే రైలు ఎక్కితే కోరాపుట్, ఆ తర్వాత జయపురం వస్తాయి. అది ఒడిశా రాష్ట్రం. ఆ ప్రాంతంలో దోమల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఉంది. దాని తల్లి సంస్థ పుదుచ్చేరిలో ఉంది. పేరు వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్. వెక్టర్ అంటే రోగాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి మోసే పురుగు. భారత వైద్య పరిశోధన మండలి 1975లో ఈ సంస్థను పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన సహకార కేంద్రంగా గుర్తించింది. అంటే ఇక్కడ తెలుసుకున్నది బయటి దేశాలకు చెబుతారు. అక్కడ తెలిసింది ఇక్కడికి తెస్తారు.

సముద్రం ఒడ్డున ఉన్న సంస్థకు ఈ కొండల్లో ఏం పని? మలేరియా ఇక్కడుంది కాబట్టి. దోమను చదవాలంటే దోమ ఉన్న చోటికే రావాలి. ఒడిశా, ఆంధ్ర అని మనం గీత గీసుకున్నాం. కొండలు ఒక్కటే, గెడ్డలు ఒక్కటే, జ్వరమూ ఒక్కటే. దీన్ని మన పెద్దలు మన్యం జ్వరం అనేవారు. కింద నుంచి వచ్చిన బ్రిటిష్ సైనికులు కూడా ఈ జ్వరానికి హడలిపోయారు.

ఒకప్పుడు ఈ జ్వరం చెడ్డగాలి వల్ల వస్తుందనుకున్నారు. మలేరియా అనే మాటకు అర్థం కూడా అదే. దోమ సంగతి బయటపడింది మన తెలుగునాట, సికిందరాబాదులో. రొనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు అక్కడ దోమలను కోసి చూసేవాడు. హుసేన్ ఖాన్ అనే రోగి ఆ దోమలతో కుట్టించుకున్నాడు. ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమి కనబడింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కు అణాలే మిగిలాయి. ఆయన పేరు కూడా గుర్తుంచుకోవాలని నా కోరిక. కుట్టించుకునే మనిషి లేకపోతే కనిపెట్టే మనిషీ లేడు.

అన్ని దోమలూ మలేరియా తేవు. అనాఫిలస్ జాతి ఆడదోమలే తెస్తాయి. వాటిలోనూ చాలా రకాలున్నాయి. మన కొండల్లో ముఖ్యమైనది ఫ్లూవియాటిలిస్. నోరు తిరగని పేరు. ఏటిది అని దాని అర్థం. మనం గెడ్డదోమ అందాం. మెల్లగా పారే గెడ్డ అంచున, గడ్డి పక్కన, తేట నీటిలో ఇది గుడ్లు పెడుతుంది. "మా ఊళ్లో మురికి కాలవే లేదు, మలేరియా ఎలా వస్తాది?" అని కొందరు అడుగుతారు. ఈ దోమకు మురికితో పనిలేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. గెడ్డదోమ ఒక్కటి కాదు, అక్కచెల్లెళ్లున్నారు. కంటికి ముగ్గురూ ఒకేలా ఉంటారు. ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా సుబ్బారావు, ఆమె తోటివారు కణాల లోపలి పోగులు చూసి 1994లో వీటిని వేరుచేశారు. ఒక చెల్లెలు పశువుల రక్తం తాగుతుంది. సాలలో ఉంటుంది. మలేరియా పెద్దగా తేదు. ఇంకొకతె మనిషి రక్తమే కోరుతుంది. మన ఇంట్లోనే గోడల మీద కూర్చుంటుంది. మలేరియా మోసేది ఈమే. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నదీ ఈమే.

అందుకే అతను ఇంటి గోడలూ వెతుకుతాడు, సాలలూ వెతుకుతాడు. కేంద్రానికి తీసుకుపోయి దోమ పొట్టలో ఉన్నది మనిషి రక్తమా, పశువుదా అని పరీక్ష చేస్తారు. దోమను కోసి, ఉమ్మి తిత్తులలో మలేరియా క్రిమి ఉందేమో సూక్ష్మదర్శినిలో చూస్తారు.

ఇంత శ్రమ ఎందుకో తెలుసా? లెక్క చూడండి. రోగిని కుట్టగానే దోమ రోగం పంచలేదు. క్రిమి దోమ ఒంట్లో పెరగడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ లోపల దోమ చస్తే ఇక రోగం పాకదు. కొండంతా ఉన్న గెడ్డలకు మందు చల్లలేం. కాని ఈ దోమ మన గోడ మీదే కూర్చుంటుంది కదా! గోడకు మందు కొడితే అక్కడే చస్తుంది. మనం పడుకున్నాకే కుట్టడానికి వస్తుంది కదా! మందు పట్టించిన దోమతెర కడితే దాని మీద వాలి చస్తుంది.

ఇక్కడ మన తప్పులు కొన్ని ఉన్నాయి. మందు కొట్టినాక పండగొచ్చిందని గోడ అలికేస్తాం. మందు మట్టి కిందకు పోతుంది. దోమతెరను చేపలకు వలగా వాడతాం. లేదా ఎండలో ఆరేస్తాం. నీడలో ఆరేయాలి. సర్కారు తప్పు కూడా ఒకటుంది. చోడి చేను, పోడు చేను కాపుకు వెళ్లినవాడు మంచె మీద పడుకుంటాడు. ఇంటికి ఇచ్చిన తెర ఇంటి దగ్గర ఉంటుంది. మంచెకు తెర ఎవరిస్తారు? చిరిగిన పాత తెరనైనా కుట్టుకుని చేనుకు పట్టుకుపోవడం మేలు.

ఇక జ్వరం సంగతి. మన కొండల్లో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. ఇది మెదడుకు ఎక్కితే ప్రాణం తీస్తుంది. ఒకప్పుడు గాజు పలక మీద రక్తం తీసుకెళ్లేవారు. ఫలితం వచ్చేసరికి రోగి కోలుకునైనా ఉండేవాడు, పోయైనా ఉండేవాడు. ఇప్పుడు ఆశ కార్యకర్త దగ్గర చిన్న పరీక్ష పట్టీ ఉంటుంది. వేలి నుంచి ఒక చుక్క రక్తం చాలు. అరగంట లోపలే తెలుస్తుంది. గురువుతో మంత్రం వేయించుకోండి, కాదనను. కాని ముందు ఆ చుక్క రక్తం ఇవ్వండి.

పాత క్లోరోక్విన్ మాత్రకు ఫాల్సిపారం లొంగడం మానేసింది. అది కూడా పరిశోధనలోనే తేలింది. చైనాలో తు యూయూ అనే ఆమె ఒక మొక్క నుంచి ఆర్టిమిసినిన్ మందు తీసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు కలిసిన మాత్రలే ఇప్పుడు ఫాల్సిపారానికి ఇస్తున్నారు. మూడు రోజుల మందు మూడు రోజులూ మింగాలి. ఒకరోజుకే జ్వరం తగ్గిందని మానేస్తే క్రిమి మిగిలిపోతుంది.

కొందరి రక్తంలో క్రిమి ఉన్నా జ్వరం రాదు. కొండ మీద దుక్కి దున్నుతూనే ఉంటారు. వారిని కుట్టిన దోమ పసిపిల్లను కుడుతుంది. అందుకే ఒడిశాలో 2017లో దమన్ అనే కార్యక్రమం పెట్టారు. దారి లేని ఊళ్లకు వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరి రక్తం చూశారు. క్రిమి ఉన్నవారికి మందు ఇచ్చారు.

"నాకు బాగానే ఉంది, నా రక్తం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. తప్పక అడగండి. ఎందుకో మీ భాషలో చెప్పడం వారి బాధ్యత. పరిశోధనకు రక్తం ఇవ్వను అనే హక్కు మీకుంది. వైద్య పరిశోధన మండలి నియమాల్లోనే ఆ మాట రాసి ఉంది. వేలిముద్ర వేయమంటే, ముందు కాగితం చదవండి. ఇప్పుడు మీకు చదువొచ్చు కదా!

గొట్టం పట్టుకున్న మనిషి మళ్లీ వస్తాడు. దోమలు వానాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటాయి. అందుకని ఏడాదంతా తిరుగుతాడు. ఈసారి గుమ్మంలో కనబడితే లోపలికి రానివ్వండి. దోమ పట్టినాక, "పోయినసారి మా ఇంట్లో పట్టిన దోమల్లో ఏటి తేలింది బాబూ?" అని అడగండి.