కాంటాను కూడా తూచాలె

మాది కోరుట్ల దగ్గరి పల్లె. పోయిన యాసంగిలో మా నాయిన వడ్లు తూకం వేయిస్తే, ఇంటికాడ చూసుకున్న లెక్కకన్నా బస్తాకింత తక్కువొచ్చింది. "వడ్లు మనయి, కాంటా వాళ్లది, ఏమంటం?" అని ఊరుకున్నడు. జగిత్యాలలో భౌతికశాస్త్రం చదువుతుంటే ఆ మాటే మళ్లీ ఎదురైంది.

జెనీవా దగ్గర భూగర్భంలో, 27 కిలోమీటర్ల సొరంగంలో 1989 నుండి 2000 వరకు 'లెప్' అనే యంత్రం నడిచింది. అందులో ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఎదురెదురుగా ఢీకొట్టించి, నాలుగు ప్రయోగాలలో కలిపి సుమారు 1 కోటి 70 లక్షల 'జడ్' కణాలను నమోదు చేశారు. వాటిలో 'ఎల్-3' ప్రయోగంలో మన టాటా పరిశోధనా సంస్థ వారూ పాల్గొన్నారు.

మిత్రులారా, ఇన్ని బస్తాలు పండినయంటే దిగుబడి తెలుస్తుందా? ఎన్నెకరాలకని అడగమా? ఇక్కడ ఎకరాల వంటిది కిరణాల తాకిడి. దాన్నే ల్యూమినాసిటీ అంటారు. జల్లెడలోంచి జారిపోయిన గింజలను కూడా లెక్కలో కలిపి, మొత్తాన్ని ఈ తాకిడితో భాగిస్తే ఉత్పత్తి రేటు వస్తుంది. దాని కొలమానం పేరు 'బార్న్', అంటే కొట్టం!

తాకిడిని కొలిచేదెట్లా? ఎలక్ట్రాన్, పాజిట్రాన్ తగిలి చెదిరిపోవడాన్ని హోమీ భాభా 1936లో ప్రచురించిన వ్యాసంలో లెక్కగట్టాడు. అది ఎంత తరచుగా జరగాలో సిద్ధాంతం చెబుతుంది గనుక, చెదిరినవాటిని లెక్కబెడితే తాకిడి తెలుస్తుంది. అదే అక్కడి కాంటా.

న్యూట్రినో జాతులు ఎన్ని ఎక్కువుంటే, కంటికందే కణాల ఉత్పత్తి అంత తగ్గుతుంది. అట్లా లెక్కిస్తే 2006లో జాతుల సంఖ్య 2.984 అని తేలింది. పొరపాటు హద్దు 0.008. మూడుకు కొంచెం వెలితి. 2019లో కాంటానే పరీక్షించారు. ఎదురొచ్చే కణాల గుంపు ఆకర్షణకు భాభా ఎలక్ట్రాన్లు లోపలికి వంగి, కొన్ని లెక్కకందలేదట. తాకిడి వెయ్యింట ఒక వంతు తక్కువ పడింది. 2020లో సిద్ధాంతపు లెక్కనూ సవరించారు. రెండూ కలిపితే 2.9963 వచ్చింది. వెలితి గింజల్లో లేదు, కాంటాలో ఉన్నది.

యంత్రం ఆగిపోయిన ఇరవై ఏళ్లకు కూడా తమ కాంటాను తామే అనుమానించుకున్నరు చూడండి! సిరిసిల్లలో మీటర్ల లెక్కన కూలి తీసుకునే సాంచెల కార్మికునికైనా, మా నాయినకైనా కావలసింది ఈ బుద్ధే.

ఈ సంగతి చెబితే నాయిన నవ్విండు: "మరి మన కాంటాను ఎవరు చూస్తరు?"

వచ్చే యాసంగికి బరువు తెలిసిన రాయొకటి వెంట తీసుకపోతా. ముందు దాన్నే తూయమంటా.