మూడు బాణాలకు పాచిక ఒక్కటా, మూడా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో విజార్డ్ మొదటి లెవెల్‌లోనే నేర్చుకోగల మంత్రం మ్యాజిక్ మిసైల్. 120 అడుగుల లోపు కనబడే ఒక శత్రువు మీదికి గానీ, పలువురి మీదికి గానీ మూడు మంత్రబాణాలు వెళ్తాయి. అవి గురి తప్పవు, శత్రువుకు సేవ్ వేసి తప్పించుకునే అవకాశమూ లేదు. నాలుగు ముఖాల పాచిక వేసి, పడిన అంకెకు 1 కలిపితే ఒక బాణం చేసే నష్టం వస్తుంది. అంటే 2 నుంచి 5 హిట్ పాయింట్లు (ప్రాణబలం). ఇంత సులువైన మంత్రం మీద, 2014లో ఐదో ఎడిషన్ వచ్చినప్పటి నుంచీ ఆటగాళ్ల మధ్య ఒక వాదన తెగడం లేదు. పాచిక ఒక్కసారి వేసి ఆ అంకెనే మూడు బాణాలకూ వాడాలా, లేక బాణానికోసారి వేయాలా?

చిక్కంతా 2014 పుస్తకంలో రెండు వేర్వేరు పేజీల్లో ఉన్న రెండు వాక్యాల వల్ల వచ్చింది. బాణాలన్నీ ఒకే క్షణంలో తగులుతాయని మంత్రం వివరణలో ఉంది. ఒక మంత్రం ఒకేసారి ఒకరికంటే ఎక్కువమందికి నష్టం చేస్తే అందరికీ కలిపి ఒక్కసారే రోల్ చేయాలని పోరాటం అధ్యాయంలో ఉంది. రెంటినీ కలిపి చదివితే పాచిక ఒక్కటే. ఆ ఎడిషన్ రూపకర్తల్లో ముఖ్యుడైన జెరెమీ క్రాఫర్డ్ కూడా ఆ మాటే చెప్పారు. కానీ మూడు బాణాలూ ఒకే గాబ్లిన్ మీద వేస్తే అక్కడున్నది ఒక్కడే కదా! అప్పుడు ఆ రెండో వాక్యం వర్తిస్తుందా? పుస్తకం దీనికి సూటిగా జవాబివ్వదు.

నష్టం సగటు ఎలా వేసినా 10.5 పాయింట్లే. ఆ అంకె చూసి ‘ఏదైనా ఒకటేలే’ అనుకునే డీఎంలు (ఆట నడిపే డంజన్ మాస్టర్లు) చాలామంది ఉంటారు. సగటు ఒకటే అయినంత మాత్రాన ఆట ఒకటే కాదు. పాచిక ఒక్కసారే వేస్తే వచ్చే మొత్తాలు నాలుగే: 6, 9, 12, 15. ఒక్కోదానికీ 25 శాతం అవకాశం. మూడుసార్లు వేస్తే 6 నుంచి 15 వరకు ఏ అంకైనా రావచ్చు. 10 గానీ 11 గానీ వచ్చే అవకాశం 37.5 శాతం, 15 వచ్చే అవకాశం మాత్రం 64లో ఒక్కటి. మొదటి పద్ధతిలో 10, 11 అసలు రానే రావు, 15 మాత్రం నాలుగింట ఒకసారి పడుతుంది.

ఇప్పుడు ఆ బాణాల ముందు ఎవరినైనా నిలబెట్టి చూద్దాం. 2014 పుస్తకాల్లో మామూలు గాబ్లిన్‌కు 7 హిట్ పాయింట్లు. మూడు బాణాలూ దానిమీదే వేస్తే, ఒక్క పాచిక పద్ధతిలో అది చచ్చే అవకాశం 75 శాతం, మూడు పాచికల పద్ధతిలో 98.4 శాతం. దాని బదులు 12 పాయింట్లున్న మొదటి లెవెల్ ఫైటర్‌ను నిలబెడితే లెక్క తిరగబడుతుంది: ఒక్క పాచికతో అతను పడిపోయే అవకాశం 50 శాతం, మూడు పాచికలతో 31 శాతం. ఎదుటివాడి ప్రాణం సగటు కంటే తక్కువైతే మూడు పాచికలు మంత్రగాడికి మేలు, ఎక్కువైతే ఒక్క పాచిక మేలు. అందుకే ఈ రూలు ఆటగాళ్లకు అనుకూలమా, డీఎంకు అనుకూలమా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. బాణాలు ఎవరి మీదికి వెళ్తున్నాయన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. పోరు మధ్యలో తీర్పు చెప్పకూడదనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే. గవ్వలు పడ్డాక రూలు మారిస్తే అష్టాచెమ్మాలో కూడా ఎవరూ ఒప్పుకోరు.

ఇంతవరకు చూసింది చిన్న తేడా. పెద్దది పదో లెవెల్‌లో ఎదురవుతుంది. ఇవోకేషన్ శాఖను ఎంచుకున్న విజార్డ్‌కు అక్కడ ఒక శక్తి వస్తుంది: ఆ శాఖ మంత్రం వేసినప్పుడు ఒక నష్టపు రోల్‌కు తన ఇంటెలిజెన్స్ మాడిఫయర్‌ను కలుపుకోవచ్చు. ఇంటెలిజెన్స్ 20 ఉన్నవాడికి అది +5. మ్యాజిక్ మిసైల్ ఆ శాఖదే. దాన్ని ఐదో లెవెల్ మంత్రాలకు ఖర్చయ్యే స్లాట్‌తో వేస్తే బాణాలు ఏడు. బాణానికో రోల్ అయితే ఆ +5 ఒక్క బాణానికే దక్కి, సగటు 29.5 అవుతుంది. అన్నింటికీ ఒకే రోల్ అయితే ఏడింటికీ దక్కి, సగటు 59.5 అవుతుంది. అదే స్లాట్‌తో, అదే +5 కలుపుకుని మరో మంత్రమైన ఫైర్‌బాల్ వేస్తే ఒక్కొక్కరికి సగటున 40 పాయింట్ల నష్టం. అందులోనూ సేవ్ గెలిచినవాళ్లకు సగమే. ఫైర్‌బాల్ గుంపు మొత్తాన్ని కాలుస్తుంది నిజమే, కానీ ఒక్క శత్రువును పడగొట్టాలంటే మొదటి లెవెల్ మంత్రం దాన్ని మించిపోతోంది. ఇది రూపకర్తలు కోరుకున్న ఫలితమని నేను నమ్మలేను. వాక్యాలను అక్షరం తప్పకుండా చదివితే ఇది వస్తుంది, అంతవరకే.

ఈ మంత్రానికి వివాదాలు కొత్తేమీ కాదు. 1975లో గ్రేహాక్ అనుబంధంలో అది తొలిసారి వచ్చినప్పుడు, గురి చూసి కొట్టే రోల్ వేయాలో అక్కర్లేదో ఆ వివరణ తేల్చలేదు. 1977 బేసిక్ పుస్తకం వేయాలంది, 1978లో అడ్వాన్స్‌డ్ పుస్తకం బాణం తప్పదంది. 2008 నాటి నాలుగో ఎడిషన్ మళ్లీ రోల్ పెట్టింది, 2010లో దాన్ని తీసేశారు.

2024 పుస్తకం మంత్రాన్ని దాదాపు అలాగే ఉంచి, రెండో వాక్యాన్ని మార్చింది. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఒకేసారి సేవ్ వేయాల్సి వచ్చే నష్టానికే ఇప్పుడు ఉమ్మడి రోల్. మ్యాజిక్ మిసైల్‌కు సేవ్ లేదు. కాబట్టి ఒక్క పాచిక వాదనకున్న ఆధారం పోయింది. బాణానికో పాచిక వేయడమే సరైనదని నా అభిప్రాయం. 2014 పుస్తకంతో ఆడేవాళ్లకూ అదే చెబుతాను.

పాచికల గొడవ తీరినా ఇంకో ప్రశ్న మిగులుతుంది: మూడు బాణాలు ఒక దెబ్బా, మూడు దెబ్బలా? కాన్సంట్రేషన్‌తో ఒక మంత్రాన్ని నిలుపుకుంటున్న పాత్రకు దెబ్బ తగిలితే సేవ్ వేయాలి. దాటాల్సిన అంకె 10, లేదా నష్టంలో సగం, ఏది ఎక్కువైతే అది. ఇక్కడ మూడు బాణాల నష్టం కలిపినా 15 దాటదు కాబట్టి అది 10 దగ్గరే ఆగుతుంది. సేవ్‌కు +2 ఉన్నవాడు దాన్ని గెలిచే అవకాశం 65 శాతం. మూడు దెబ్బలనుకుంటే మూడుసార్లూ గెలవాలి, అవకాశం 27.5 శాతానికి దిగుతుంది.

సున్నా పాయింట్లతో నేలమీద పడి ఉన్న పాత్ర విషయంలో ఇది మరీ తీవ్రం. తన వంతు వచ్చినప్పుడల్లా వేసే డెత్ సేవ్‌లో 10 లేదా ఎక్కువ పడితే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. 20 పడితే వెంటనే లేస్తాడు, 1 పడితే రెండు ఓటములు. మూడు ఓటములైతే మరణం. ఎవరూ సాయం చేయకపోయినా, ఎవరూ కొట్టకపోయినా బతికే అవకాశం 59.5 శాతం. పడి ఉన్నవాడికి దెబ్బ తగిలితే రోల్ లేకుండానే ఒక ఓటమి రాసుకోవాలి. మూడు బాణాలనూ ఒకే దెబ్బగా లెక్కిస్తే బతికే అవకాశం 41.75 శాతం. మూడు దెబ్బలుగా లెక్కిస్తే సున్నా, ఏ పాచికా వేయకుండానే. బాణానికో పాచిక అన్నాక దెబ్బలూ మూడే అనాలి, మాట మార్చడానికి వీల్లేదు. అందుకని శత్రుపక్షంలో ఈ మంత్రం తెలిసిన విజార్డ్‌ను దించే డీఎం ఈ సంగతిని మొదటి ఆట రోజే, పాత్రలు తయారుచేసుకునేటప్పుడే ఆటగాళ్లకు చెప్పేయాలి. అప్పుడే వాళ్లు తమ స్లాట్లలో ఒకటి షీల్డ్ మంత్రానికి దాచుకోగలుగుతారు. అది వేసినవాడిని మ్యాజిక్ మిసైల్ ఏమీ చేయలేదని రెండు పుస్తకాల్లోనూ స్పష్టంగానే ఉంది.