బైట్లకు చోటు

గాదె పట్టు నెరుగక ధాన్యము పోసినచో మిగిలినది నేలపాలగును. కంప్యూటరులో నట్టి పొరపాటు జరిగినచో నష్టము మరింత పెద్దది. అచట పొరలినది నేలపై పడదు. పక్క గాదెలోని ధాన్యమును చెరచును.

కంప్యూటరు సమాచారమునంతటిని 0, 1 అను గుర్తులతో నిలువచేయును. ఒక్కొక్క గుర్తు బిట్టు; ఎనిమిది బిట్లు ఒక బైటు. మెమరీలో వరుసగా నున్న కొన్ని బైట్లను ఒక పనికై ప్రత్యేకించినచో ఆ చోటును బఫరందురు. ఫైలునుండి చదివినదియు, దూరపు యంత్రమునుండి వచ్చినదియు మొదట చేరునది బఫరులోనే.

బఫరునకు ఎంత చోటు కావలయును? 'తెలుగు' అను పదమును చూడుడు. కంటికి మూడక్షరములే. కాని యూనికోడు లెక్కలో త, ల, గ అను మూడును, వాటి గుణింతపు గుర్తులు మూడును, వెరసి ఆరు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, అనగా 18. సి భాషలో పదము ముగిసినదని తెలుపుటకు చివర సున్న విలువగల బైటు మరియొకటి యుండవలయును. కావున ఈ చిన్న పదమునకు 19 బైట్లు పట్టును.

'మాలక్' అను ఆజ్ఞతో 19 బైట్లు కోరినచో, చోటున్నయెడల మొదటి బైటు యొక్క చిరునామా లభించును. లేనియెడల 'నల్' అను విలువ వచ్చును. దానిని పరీక్షింపక ముందునకు సాగరాదు. పని ముగిసిన పిమ్మట 'ఫ్రీ' అను ఆజ్ఞతో ఆ చోటును తిరిగి యప్పగింపవలయును. అప్పగింపనిచో మెమరీ క్రమముగా తరిగిపోవును. అప్పగించిన పిదప దానిని మరల తాకుటయు తప్పే.

అయితే 20వ బైటులో వ్రాయబోయినను సి భాష అడ్డుపడదు. ఇందలి యపాయము 1988 నవంబరు 2వ తేదీన లోకమునకు తెలిసెను. అమెరికాలో నొక విద్యార్థి విడిచిన ప్రోగ్రాము యంత్రమునుండి యంత్రమునకు ప్రాకెను. అది పట్టిన దారులలో నొకటి 'ఫింగర్' అను సేవలోని 512 బైట్ల బఫరు. ఆ సేవ, వచ్చిన మాటలను 'గెట్స్' అను ఆజ్ఞతో చదువుచుండెను. గెట్స్ బఫరు కొలతను అడుగదు. 536 బైట్లు వచ్చిపడగా, హద్దు దాటినవి, యంత్రము తరువాత ఏ పనికి మరలవలయునో తెలుపు చిరునామాను మార్చివైచినవి. వాక్స్ అను రకపు యంత్రములు అపరిచితుని యాజ్ఞలను నెరవేర్చసాగెను.

2011లో వెలువడిన సి భాషా ప్రమాణమునుండి గెట్స్‌ను తొలగించిరి. జావా వంటి భాషలలో హద్దును భాషయే పరీక్షించి, దాటబోయిన ప్రోగ్రామును నిలిపి తప్పు చూపును. సి భాషలో మాత్రము ఆ బాధ్యత వ్రాయువారిదే. కోరుటకు ముందు లెక్కింపవలయును. నింపుటకు ముందు కొలతను సరిచూడవలయును. పని తీరిన పిదప తిరిగి యీయవలయును.