కిన్నెరకు బుర్ర... గిటారుకు పికప్!

పాత పాలమూరు జిల్లాలో, నల్లమల అంచున లింగాల మండలం అవుసలికుంట. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించిన గొంతు ఆ ఊరిదే. దర్శనం మొగిలయ్యది. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. ఆయన చేతిలోది పన్నెండు మెట్ల కిన్నెర.

వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. ఒకప్పుడు మెట్లకు అలుగు పెంకులు, తీగలకు జంతువుల నరాలు వాడేవారు. ఇప్పుడు లోహపు తీగలొచ్చాయి. బుర్ర మాత్రం బుర్రే! తీగ మీటితే పుట్టే చిన్న శబ్దాన్ని పెంచి మనదాకా తెచ్చేది అదే మరి. బుర్ర మారితే నాదమూ మారుతుంది.

ఎలక్ట్రిక్ గిటారుకు బుర్ర ఉండదు. చాలావాటికి గట్టి చెక్కే ఒళ్లు. తీగల కిందుండే ‘పికప్’దే పనంతా. అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగను వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ శబ్దంగా మారుస్తుంది. చుట్లు పెరిగితే మోత పెరుగుతుంది, సన్నని స్వరాల మెరుపు తగ్గుతుంది. ఒకే చుట్ట అయితే కరెంటు లైన్ల గుర్రుమనే మోతనూ పట్టేస్తుంది. 1955లో సేత్ లవర్ అనే అమెరికన్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి దాని పీడ వదిలించాడు. అదే హంబకర్.

పికప్ మార్పించమని మీ అబ్బాయి మారాం చేస్తున్నాడా? ముందు తీగలు మార్చి చూడండి. పికప్ పక్క మరలు తిప్పి ఎత్తు సరిచేయించండి. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి శ్రుతి చెడగొడుతుంది. అప్పటికీ కుదరకపోతేనే కొత్తది. పాతదాని గూట్లో పట్టేదే కొనాలి సుమా! టంకం పెట్టడం రేడియో రిపేరు తెలిసినవాళ్లకు పెద్ద పనేం కాదు.

మరి కిన్నెరకూ ఓ పికప్ బిగిస్తే? ఉక్కు తీగలైతే నిక్షేపంగా మోగుతుంది. కాకపోతే అయస్కాంతానికి తీగ ఒక్కటే వినిపిస్తుంది... సొరబుర్ర వినిపించదు! జాతరలో వెయ్యిమందికి చేరుతుంది సరే, చేరేది కిన్నెర కాదు. అసలే ఆ వాయిద్యం పట్టేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. బుర్ర దగ్గర మైకు పెడితే ఆ నాదం దొరుకుతుంది. పక్కన డప్పులు మోగితే అవీ దూరతాయి, స్పీకరు దగ్గరైతే కూత పెడుతుంది. బుర్రకే అంటించే పియెజో బిళ్ల ఇంకో దారి. అది బుర్ర అదురునే పట్టుకుంటుంది. శబ్దం కాస్త పలచన, అంతే.

నన్నడిగితే మైకుకే ఓటు. మొగిలయ్య పండుగ సాయన్న కథ ఎత్తుకున్నారనుకోండి. ఒక మైకు గొంతుకు, రెండోది బుర్రకు. చాలాచోట్ల ఆ రెండో మైకే ఉండదు!