వృద్ధుల పక్షాన నిలిచిన ఉపాధ్యాయుడు

వయసు మీరినవారికి అన్నం పెడితే చాలునని అనుకునే ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వారికి అభిప్రాయం, అభిరుచి, హక్కు కూడా ఉంటాయని జీవితాంతం వాదించిన నాయకుడు అమెరికాకు చెందిన క్లాడ్ పెప్పర్.

ఆయన 1900లో అలబామా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. కళాశాలలో చేరకముందే బడిలో పాఠాలు చెప్పాడు. న్యాయశాస్త్రం అభ్యసించి, కొంతకాలం విశ్వవిద్యాలయంలో బోధించి, ఆపై ఫ్లోరిడాలో స్థిరపడి, 1928లో ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 65 ఏళ్లు దాటినవారు లైసెన్సు లేకుండానే చేపలు పట్టుకునే వెసులుబాటు కల్పించే బిల్లును అక్కడ ప్రతిపాదించాడు. చిన్న విషయమే. కానీ ముసలివారికి ఆకలితోపాటు ఆనందం కూడా ఉంటుందని అది గుర్తించింది.

అనంతరం ఆయన జాతీయ చట్టసభల్లో అడుగుపెట్టాడు. 1977లో ప్రతినిధుల సభలో వృద్ధుల సమస్యల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 65 ఏళ్లు నిండగానే ఉద్యోగిని బలవంతంగా ఇంటికి పంపే పద్ధతిపై పోరాడాడు. 1978లో ఆ హద్దు 70కి పెరిగింది. 1986లో అత్యధిక ఉద్యోగాల్లో పూర్తిగా తొలగింది. తాను 88వ ఏట, 1989లో మరణించేవరకు సభ్యునిగానే సేవలందించాడు.

వృద్ధుని బాగోగులు పాలకుల బాధ్యత అనే భావన మనకు కొత్త కాదు. యాచిస్తున్న ఒక వృద్ధ యూదుణ్ణి చూసి హజ్రత్ ఉమర్ (రజి) అతనికి పన్ను మినహాయించి, బైతుల్‌మాల్ నుండి సాయం అందించినట్లు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి.

మన దేశంలోనూ 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. 60 ఏళ్లు నిండినవారు తమను పోషించని సంతానంపై ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చూసుకుంటారనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే రద్దు చేయించుకోవచ్చు. మన రాష్ట్రంలో 2024 నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు.

కొత్తవలస జంక్షన్‌లో రైలెక్కి ఎందరో బిడ్డలు దూరప్రాంతాలకు పనికి వెళుతున్నారు. నెలనెలా డబ్బు పంపుతున్నారు, సంతోషం. అయితే ఇంటి విషయంలో నిర్ణయం తీసుకునేటప్పుడు అబ్బాజాన్‌ను, అమ్మీజాన్‌ను ఒక్క మాట అడుగుతున్నారా? పోషణ సొమ్మును చట్టం ఇప్పించగలదు. ఆ ఒక్క మాట అడగవలసింది మాత్రం మనమే.